అంపైరు కొలత

సాఫ్ట్‌బాల్ మైదానములో సున్నముతో గీచిన గీతలు చాల ఉండును. బ్యాటరు నిలువవలసిన పెట్టె, పిచ్చరు చుట్టునుండు వలయము, కొట్టిన బంతి లోపల పడినదో వెలుపల పడినదో తెలుపు పొడవైన ఫౌల్ గీతలు, ఇవన్నియు కంటికి కనబడును. వాటిని గూర్చి తగవు వచ్చినచో వ్రేలితో చూపి తీర్చవచ్చును. కాని అన్నిటికన్న ఎక్కువ పర్యాయములు పనికివచ్చు గీత ఒకటి నేలమీద లేదు. అది గాలిలో ఉన్నది. క్యాచరు వెనుక వంగి నిలుచున్న అంపైరు దానిని తన మనస్సులో గీచికొని, బంతి వచ్చిన ప్రతిసారియు దానితో కొలిచి, స్ట్రైక్ అనియో బాల్ అనియో పలుకును. ఆ కానరాని చట్రమునకు స్ట్రైక్ జోన్ అని పేరు. ఒక ఆటలో వందలకొలది బంతులు వచ్చును. వానిలో బ్యాటరు కొట్టక విడిచిన ప్రతి బంతియు ఈ ఒక్క మనిషి మాటమీద ఆధారపడి యుండును.

ఆటను ఎరుగనివారికొఱకు కొంత చెప్పవలెను. సాఫ్ట్‌బాల్ బేస్‌బాల్‌కు చెల్లెలివంటిది. బంతి పెద్దది, దాని చుట్టుకొలత 12 అంగుళములు. పిచ్చరు చేతిని భుజముమీదుగా గాక క్రిందినుండి త్రిప్పి విసరవలెను. మహిళల పోటీలలో పిచ్చరు నిలుచు పలకకును హోం ప్లేటునకును నడుమ దూరము 43 అడుగులు. బేస్‌బాల్‌లో ఆ దూరము 60 అడుగుల 6 అంగుళములు. కావున సాఫ్ట్‌బాల్ వేగము కొంత తక్కువైనను బ్యాటరునకు దొరకు వ్యవధి ఎక్కువ కాదు. ఉన్నతశ్రేణి పోటీలలో బంతి చేయి విడిచిన అర సెకనులోపలనే ప్లేటును దాటిపోవును. విడిచిన బంతి జోను గుండ పోయినచో స్ట్రైక్, వెలుపలగా పోయినచో బాల్. మూడు స్ట్రైకులకు బ్యాటరు ఔటగును. నాలుగు బాల్‌లైనచో ఆమె కొట్టకయే మొదటి బేసునకు నడచిపోవును. తెలుగు రాష్ట్రములలో పాఠశాలల క్రీడాపోటీలలో ఈ ఆటకు చోటున్నది గనుక బ్యాటు పట్టి ఆ పెట్టెలో నిలిచిన బాలబాలికలు ఇక్కడను ఉన్నారు.

జోను ఎంత వెడల్పు, ఎంత ఎత్తు అనునది నియమావళిలో వ్రాసియే యున్నది. వెడల్పు హోం ప్లేటు వెడల్పే. అది 17 అంగుళములు. బంతి అంచు మాత్రమే ప్లేటు అంచుమీదుగా పోయినను స్ట్రైకే. పెద్ద బంతి గనుక, ఇరువైపుల బంతి మందమును కలిపి చూచినచో అంపైరు కావలి కాయవలసిన చోటు దాదాపు 24 అంగుళములగును. ఎత్తు మాత్రము బ్యాటరు శరీరమును బట్టి మారును. అమెరికా ఉన్నత పాఠశాలల నియమము ప్రకారము, బ్యాటరు సహజముగా నిలిచినప్పుడు ముందువైపు చంకనుండి మోకాళ్ల పైభాగము వరకు జోను. ఆ దేశపు కళాశాలల నియమములో పైహద్దు రొమ్ముటెముక అడుగుభాగమునకు దిగినది. సహజముగా నిలిచినప్పుడు అను మాట ముఖ్యమైనది. జోనును చిన్నది చేయవలెనని బ్యాటరు ముడుచుకొని కూర్చున్నను అంపైరు ఆమె కొట్టుటకు నిలుచు తీరునే కొలతగా గైకొనవలెను.

ఈ జోను ఆటతోకూడ పుట్టినది కాదు. బేస్‌బాల్ తొలినాళ్లలో బ్యాటరు తనకు నచ్చిన బంతి వచ్చువరకు ఎంతసేపైనను కొట్టక నిలువవచ్చును. పిచ్చరును అట్లే అందని బంతులు విసరుచు కాలము గడుపవచ్చును. ప్రొద్దు క్రుంకుచుండెనుగాని ఆట సాగకుండెను. ఆ విసుగునుండియే అంపైరునకు ఈ అధికారము వచ్చినది. 1858లో కొట్టక విడిచిన మంచి బంతిని స్ట్రైకుగా పలుకు నియమము ఏర్పడెను. తరువాత కొన్నియేండ్లు బ్యాటరు తనకు ఎత్తు బంతి కావలెనో, పల్లపు బంతి కావలెనో ముందుగా అడుగుకొను వింత ఏర్పాటుండెను. 1887లో దానిని తొలగించి అందరికిని ఒకే జోనును నియమించిరి. ఆ సంవత్సరముననే నవంబరు మాసములో చికాగో నగరమున, ఫారగట్ బోట్ క్లబ్బు వ్యాయామశాలలో, జార్జి హాంకాక్ అను యువకుడు ముష్టియుద్ధపు చేతితొడుగును బంతిగా కట్టి, చీపురుకఱ్ఱను బ్యాటుగా చేసి, గదిలోపలనే ఒక ఆట ఆడించెను. ఆ ఆటయే పెరిగి పెద్దదై 1926లో సాఫ్ట్‌బాల్ అను పేరు గడించినది; 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో స్థానము సంపాదించినది. అనగా సాఫ్ట్‌బాల్ పుట్టునప్పటికే అంపైరు కొలతపాత్ర అతని చేతికి వచ్చియున్నది.

ఇక అసలు విషయము. ఆటగాండ్రలోను శిక్షకులలోను తరచుగా వినవచ్చు మాట ఒకటి కలదు. జోను కొంచెము పెద్దదైనను చిన్నదైనను ఫరవాలేదు, మొదటినుండి చివరవరకు ఒక్కటిగా నుండిన చాలును అని వారందురు. ఈ మాటలో నిజము చాల ఉన్నది. బ్యాటరు అర సెకనులోపల నిర్ణయము చేసికొనవలసినది. బంతి వచ్చుచుండగా ఇది స్ట్రైకా కాదా అని ఆలోచించుటకు ఆమెకు వ్యవధి లేదు. ముందే తెలిసియుండవలెను. అంపైరు వెలుపలి అంచున రెండంగుళములు ఎక్కువగా ఇచ్చుచున్నాడని మొదటి ఇన్నింగ్స్‌లో తెలిసినచో ఆమె ప్లేటునకు కొంచెము దగ్గరగా జరిగి నిలుచును. పిచ్చరును ఆ అంచునే గురిపెట్టును. ఇద్దరికిని ఆట ఏమిటో తెలియును. మూడవ ఇన్నింగ్స్‌లో స్ట్రైకైన బంతి ఆరవ ఇన్నింగ్స్‌లో బాల్ అయినచో, అప్పటివరకు నేర్చినదంతయు వ్యర్థమగును. పిచ్చరు నడుమకు విసరును, బ్యాటరు దూరపు బంతికిని బ్యాటు విసరును. ఇద్దరును తమ నేర్పుతో ఆడుట మాని అంపైరు మనస్సును ఊహించుటతో ఆడుదురు. ఏండ్లతరబడి ఎండలో చేసిన సాధన అంతయు ఒకరి తడబాటుపై ఆధారపడుట కన్న ఆటగానికి వేరు అన్యాయమేమున్నది? వీధి క్రికెట్‌లో వైడ్ బంతి తగవు చూచినవారికి ఇది వివరింపనక్కరలేదు. బ్యాటింగు జట్టువాడే అంపైరుగా నిలిచినచో వైడ్ గీత ప్రతి ఓవరునకు ఒక్కొక్క చోట నుండును.

అయినను ఆ మాటను సంపూర్ణముగా అంగీకరింప వీలులేదు. ఒక్కటిగా నుండిన చాలుననుట కొలతలో సగము సంగతియే. పూర్వము తెలుగు పల్లెలలో ధాన్యమును సోల, తవ్వ, మానిక, కుంచములతో కొలిచెడివారు. ఒక ఊరి కుంచము వేఱు, మరియొక ఊరి కుంచము వేఱు. అడుగున దళసరి చెక్క వేసిన మానికతో ఒక వర్తకుడు అమ్మెననుకొందము. అతడు పేదకును ధనికునకును, బంధువునకును పరునకును ఆ మానికతోనే కొలుచును. ఎవరికిని ఎక్కువ తక్కువలు లేవు. అంతమాత్రమున అతనిని ధర్మాత్ముడని ఎవ్వరును అనరు. 1956లో దేశమంతటికి ఒకే తూనికలు, కొలతల చట్టము చేసినది ఇందుకే గదా! అంపైరు జోనును అట్టిదే. మోకాలి దగ్గరి బంతిని ఎప్పుడును స్ట్రైకు అనని అంపైరు అందరియెడ ఒక్కరీతిగానే యుండవచ్చును. కాని నష్టము అందరికి ఒక్కటి కాదు. ప్లేటు దగ్గరకు వచ్చి ఒక్కసారిగా క్రిందికి దిగు డ్రాప్ బంతిని అభ్యసించిన పిచ్చరు అతనిచేత దోచుకొనబడును. పైపైకి లేచినట్లు వచ్చు రైజ్ బంతి విసరునామెకు ఏ కొఱతయు లేదు. వెలుపలి అంచును మూరెడు సాగదీసిన అంపైరు పొడవు చేతుల బ్యాటరునకు హాని చేయడు, పొట్టి చేతులామెకు చేయును. స్థిరమైన తప్పు ఎవరో ఒకరికి స్థిరమైన నష్టమే.

కావున అంపైరునకు రెండు బాధ్యతలున్నవి. ఒకటి పుస్తకములోని జోనును పలుకుట. రెండవది దానినే చివరవరకు పలుకుట. మొదటిది లేని రెండవది దొంగ మానిక. రెండవది లేని మొదటిదానికి అర్థమే లేదు. ఎప్పుడో ఒకప్పుడు సరిగా నుండు కొలతను కొలత అనరు.

ఒక్కటిగా నుండుట అనగా అందరికి ఒకే కిటికీ తెరచుట యని కొందరు పొరపడుదురు. ఈ విషయమున బేస్‌బాల్ చరిత్రలో ప్రసిద్ధమైన సంఘటన ఒకటి కలదు. 1951 ఆగస్టు 19వ తేదీన సెయింట్ లూయిస్ నగరములో బ్రౌన్స్ జట్టునకును డిట్రాయిట్ టైగర్స్ జట్టునకును పోటీ జరుగుచుండెను. బ్రౌన్స్ యజమాని బిల్ వెక్ జనులను ఆకర్షించుటకు వింతలు చేయువాడు. ఆనాడు అతడు ఎడ్డీ గేడెల్ అను 3 అడుగుల 7 అంగుళముల ఎత్తుగల వ్యక్తిని బ్యాటరుగా పంపెను. అతని చొక్కామీద అంకె 1/8. ప్రేక్షకులు నవ్విరి. అంపైరు ఎడ్ హర్లీ నవ్వలేదు. ఇతడు జట్టువాడేనా అని అడిగెను. జట్టు నిర్వాహకుడు ఒప్పందపత్రమును తెచ్చి చూపెను. పత్రము సరిగా నున్నందున హర్లీ ఆట సాగనిచ్చెను. క్యాచరు మోకాళ్లమీద కూర్చుండెను. పిచ్చరు బాబ్ కెయిన్ నాలుగు బంతులు విసరెను. నాలుగును గేడెల్‌కు ఎత్తైనవే. హర్లీ నాలుగింటిని బాల్ అని పలికెను. గేడెల్ మొదటి బేసునకు నడచెను. అతని బదులు పరుగెత్తుటకు మరియొకడు వచ్చెను. ఆ తరువాత లీగు అధ్యక్షుడు ఆ ఒప్పందమును రద్దుచేసెను. ఒక మనిషి శరీరమును పరిహాసముగా చేసిన యజమాని చమత్కారము మెచ్చదగినది కాదు. కాని అంపైరు చేసిన పని మాత్రము గమనింపదగినది. ఆరడుగుల బ్యాటరునకు ఏ నియమమో మూడున్నర అడుగుల బ్యాటరునకును అదే నియమమును అతడు వర్తింపజేసెను. నియమము ఒక్కటే, కిటికీ వేఱు. ఎనిమిదవ తరగతి బాలిక పక్కన ఆరవ తరగతి బాలిక బ్యాటు పట్టినప్పుడు అంపైరు తన కిటికీని దింపకున్నచో, చిన్నపిల్ల తల దగ్గరి బంతికి ఔటై పోవును.

అన్నిటికన్న చిక్కు ప్రశ్న వేరొకటి. అంపైరు మొదటి ఇన్నింగ్స్‌లో ప్లేటు వెలుపలి బంతిని స్ట్రైకు అని పలికెను. బంతి దాటిన క్షణములోనే అది తప్పని అతనికే తెలిసెను. ఇప్పుడేమి చేయవలెను? పలువురు అతనికి మూడు త్రోవలు చూపుదురు. ఇక ఆటంతయు ఆ బంతిని స్ట్రైకుగానే పలుకుమని కొందరందురు. రెండవ జట్టునకును అదే దక్కవలెనని వారి వాదము. తరువాతి బంతిని, అది మంచిదైనను, బాల్ అని పలికి లెక్క సరిచేయుమని కొందరందురు. తప్పును అక్కడనే విడిచి పుస్తకమునకు తిరిగి రమ్మని మిగిలినవారందురు. ఈ మూడింటిలో రెండవది నికృష్టము. మొదటి తప్పు కంటిది, రెండవది బుద్ధిపూర్వకమైనది. కంటి తప్పును ఆట ఓర్చుకొనును, ఓర్చుకొనక తప్పదు. లెక్క సరిచేయుటకై చెప్పిన అబద్ధమును ఓర్చుకొనుటకు కారణమేదియు లేదు. పైగా ఆ రెండవ బంతికి నష్టపడిన పిచ్చరు మొదటి తప్పును చేసినది కాదు. మొదటి త్రోవ నీతిగా కనబడునుగాని, ఒక్క పొరపాటును శాసనముగా మార్చును. ఒక బంతి జోను కాదు. అంపైరు ఒకమారు తడబడినంతమాత్రమున నియమావళి మారదు. అయితే అతడు తిరిగి రావలసినది వెంటనే, ఆ బ్యాటరుతోడనే. నాలుగు ఇన్నింగ్స్‌లు తప్పు జోను పలికి, అయిదవదానిలో ఒక్కసారిగా పుస్తకము జ్ఞప్తికి వచ్చినవాడు రెండు జట్లకును ద్రోహము చేసినవాడగును. ఆ స్థితిలో ఇన్నింగ్స్ నడుమ మార్పక, కనీసము రెండు జట్లకును బ్యాటింగు వంతు సమానమగు చోట మార్చుట మేలు.

లెక్క సరిచేయు ఈ గుణము అంపైరునకు తెలియకయే అతనిలో పనిచేయుననుట మరింత విచిత్రము. బేస్‌బాల్‌లో 2008 నాటినుండి అన్ని మైదానములలోను కెమెరాలు ప్రతి బంతి త్రోవను కొలిచి వ్రాసిపెట్టుచున్నవి. ఆ లెక్కలను పరిశోధకులు శోధించిరి. 2011లో టోబయస్ మోస్కోవిట్జ్, జాన్ వర్ట్‌హైం అనువారు ప్రకటించిన గ్రంథములో ఒక సంగతి తేలినది. బ్యాటరు రెండు స్ట్రైకులతో ఔటు అంచున నున్నప్పుడు అంపైరు జోను ముడుచుకొనుచున్నది. మూడు బాల్‌లై బ్యాటరు నడచిపోవు అంచున నున్నప్పుడు జోను విప్పారుచున్నది. అనగా తన మాటతో కథ ముగియుట అంపైరునకు ఇష్టము లేదు. ఆటగాండ్రే ముగింపవలెనని అతని మనస్సు కోరుచున్నది. 2016లో డేనియల్ చెన్, మోస్కోవిట్జ్, కెల్లీ షూ అను ముగ్గురు మరియొక పరిశీలన వెలువరించిరి. ముందటి బంతిని స్ట్రైకని పలికిన అంపైరు, తరువాతి బంతి అంచున వచ్చినచో దానిని స్ట్రైకని పలుకుట తగ్గుచున్నది. వరుసగా రెండు ఒకేరకముగా రావు అను భ్రమ మనుజులకు సహజము. బొమ్మ బొరుసు ఆడు పిల్లలకును ఈ భ్రమ ఉన్నది. వారు ఆ భ్రమను అంపైర్లలోనే గాక, అమెరికాలో శరణార్థుల విన్నపములు విను న్యాయాధికారులలోను, భారతదేశమునందలి బ్యాంకుల అప్పు దరఖాస్తులు పరిశీలించు అధికారులలోను చూచిరి. ముందటి దరఖాస్తును అంగీకరించితిని గదా యని తరువాతిదానిని త్రోసివేయు అధికారి చేతిలో ఒక కుటుంబపు బ్రతుకుతెరువు పోవచ్చును. ప్లేటు వెనుక నిలుచున్న అంపైరు జాడ్యము ఆటలోనిదే అయినను, దాని వేళ్లు ఆట బయటను పాకియున్నవి.

దయ మాట వచ్చినప్పుడు చిన్నపిల్లల ఆట సంగతి వేరుగా చెప్పవలెను. పది పండ్రెండేండ్ల పిచ్చరునకు నియమావళి జోను అందుట కష్టము. పుస్తకము ప్రకారమే పలికినచో బాల్ వెంట బాల్ వచ్చి, బ్యాటర్లందరు నడచిపోవుచుందురు. ఎవ్వరును బ్యాటు ఊపరు. ఫీల్డులోని పిల్లలు నిలుచున్నచోటనే గడ్డి పీకుచుందురు. అందుచేత అటువంటి పోటీలలో జోనును కొంత వెడల్పు చేయుట పలుచోట్ల వాడుక. ఇది తప్పు కాదు. కాని దీనికి ఒక కట్టుబాటుండవలెను. ఆటకు ముందు రెండు జట్ల నాయకులను, శిక్షకులను ప్లేటు దగ్గరకు పిలిచి, ఈనాడు వెలుపలి అంచున ఒక బంతి మందము ఎక్కువగా ఇచ్చెదనని అంపైరు బిగ్గరగా చెప్పవలెను. చెప్పిన దయ నియమమగును. చెప్పని దయ పక్షపాతమువలె కనబడును, పెక్కుసార్లు పక్షపాతమే అగును. ఏలయనగా అది ఏడ్చుమొగము పెట్టిన పిచ్చరునకు దక్కును, పెదవి బిగించిన పిచ్చరునకు దక్కదు.

పుస్తకములోని హద్దు కూడ శాశ్వతము కాదు. 1963లో బేస్‌బాల్ పెద్దలు జోనును భుజముల పైభాగమునుండి మోకాళ్ల అడుగువరకు పెంచిరి. ఆ కొలది అంగుళములు ఆటనే తలక్రిందులు చేసినవి. 1968 నాటికి పిచ్చర్లను కొట్టగలవాడు కరవయ్యెను. ఆ యేట అమెరికన్ లీగులో బ్యాటర్లందరిలో ప్రథముడైన కార్ల్ యాస్ట్రెంస్కీ సగటు .301 మాత్రమే. మరుసటి సంవత్సరము జోనును మరల చంకలనుండి మోకాళ్ల పైభాగమునకు కుదించి, పిచ్చరు నిలుచు మట్టిదిబ్బను 15 అంగుళములనుండి 10 అంగుళములకు తగ్గించిరి. జోను నచ్చనప్పుడు ఏమి చేయవలెనో ఇది చూపుచున్నది. హద్దు తప్పైనచో దానిని వ్రాసినవారు బహిరంగముగా మార్పవలెను. అందరును ఒకనాటినుండి కొత్త హద్దునకు అలవాటుపడుదురు. ప్రతి అంపైరు తన అభిరుచిని బట్టి దానిని ఆట నడుమ దిద్దుటకు పూనుకొనరాదు.

మనుష్యుని నమ్మలేనప్పుడు యంత్రమును పెట్టరాదా యను ప్రశ్న సహజము. పెట్టిరి. 2019లో అమెరికాలోని అట్లాంటిక్ లీగు రాడార్ యంత్రముచేత బంతులను తీర్పుచెప్పించెను. 2024లో కొరియా ప్రధాన లీగు అన్ని బంతులను యంత్రమునకే అప్పగించెను. అమెరికా మేజర్ లీగు పెద్దలు 2025 సెప్టెంబరులో మధ్యేమార్గమును ఎంచుకొని, 2026 నుండి అమలుచేయ నిర్ణయించిరి: అంపైరే పలుకును, పిచ్చరు, క్యాచరు, బ్యాటరులలో ఎవరైనను సందేహించినచో తలను తట్టి యంత్రమును అడుగవచ్చును, ఒక్కొక్క జట్టు రెండు పర్యాయములు ఓడువరకు ఈ హక్కు ఉండును. క్రికెట్‌లో జట్లు అంపైరు తీర్పును పునఃపరిశీలన కోరు పద్ధతికి ఇది దగ్గరి చుట్టము. ఈ ప్రయత్నములలో ఒక చిత్రము బయటపడినది. యంత్రము మొదట పుస్తకములోని మాటను అక్షరాల పాటించినప్పుడు, ప్లేటు ముందంచున జోను అడుగును తాకి, క్యాచరు చేతికి నేల దగ్గర చేరిన బంతులనుకూడ స్ట్రైకులని పలికెను. బ్యాటర్లు మొఱపెట్టిరి. ఇన్నేండ్లుగా ఏ అంపైరును వాటిని స్ట్రైకనలేదు. చివరకు ప్లేటు నడిమి తలమున మాత్రమే కొలుచునట్లు దిద్దిరి. ఎత్తును బ్యాటరు పొడవులో 27 శాతమునుండి 53.5 శాతము వరకని నిర్ణయించిరి. యంత్రము తడబడదు, అలసిపోదు, ఏడ్చుమొగమునకు కరగదు. కాని ఏమి కొలువవలెనో దానికి మనుష్యుడే చెప్పవలెను. అస్పష్టముగా చెప్పినచో అస్పష్టతనే అది నిష్ఠగా పాటించును.

ఆ కెమెరాలు పాఠశాల మైదానములకు వచ్చుట దూరపు మాట. అక్కడ అంపైరు సాధారణముగా వ్యాయామోపాధ్యాయుడు. ఒక్కొక్కప్పుడు మరియొక పాఠశాలనుండి వచ్చినవాడు. ఆ యెండలో రెండు మూడు ఆటలు వరుసగా నిలువవలసినవాడు. అతని చేతిలోనున్న ఉపాయములు కొన్ని కలవు. తల ఎత్తు మారరాదు; మొదటి ఇన్నింగ్స్‌లో వంగి, చివర అలసి నిటారుగా నిలిచినవానికి అడుగు అంచు వేఱుగా కనబడును. క్యాచరునకును బ్యాటరునకును నడుమనున్న సందునుండి ప్లేటు మొత్తము కనబడునట్లు నిలువవలెను. బంతిని క్యాచరు చేతివరకు కంటితో వెంబడించి, ఒక శ్వాసకాలము ఆగి పలుకవలెను. తొందరగా పలికినవాడు బంతి చివరి మలుపును చూడడు. క్యాచరు పట్టిన బంతిని మెల్లగా లోపలికి లాగి చూపును. అది ఆమె నేర్పు; దానిని తప్పుపట్టనక్కరలేదు. అంపైరు చూడవలసినది బంతి ప్లేటును దాటిన చోటునేగాని, అది చేరిన చోటును కాదు.

కంటికి శిక్షణ ఇచ్చుటకు ఖర్చులేని సాధనము ఒకటి బేస్‌బాల్ వారు ఎప్పుడో కనుగొనిరి. బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టును నడపిన బ్రాంచ్ రికీ, ఫ్లోరిడాలోని తన శిక్షణశిబిరములో ప్లేటునకు ఇరువైపుల రెండు కఱ్ఱలు పాతించి, వాటి నడుమ దారములు కట్టించి, జోనును అందరికి కనబడు చట్రముగా చేయించెను. పిచ్చర్లు ఆ దారముల నడుమకు విసరి అభ్యసించెడివారు. ఈ సాధనము అంపైరునకు మరింత పనికివచ్చును. రెండు వెదురుకఱ్ఱలు, నాలుగు బారల పురికొస, గుడ్డతో తుడిచిన ప్లేటు చాలును. సాయంత్రము బడి విడిచిన పిమ్మట పిచ్చరు ఇరువది బంతులు విసరవలెను. ఉపాధ్యాయుడు వెనుక నిలిచి దారమును చూడక పలుకవలెను. ప్రక్కన కూర్చున్న విద్యార్థి దారము ప్రకారము పలకమీద వ్రాసికొనవలెను. చివర రెండు లెక్కలను సరిచూచుకొనవలెను. తేడా ఏ అంచున ఎక్కువగా వచ్చుచున్నదో, ఎత్తు బంతిలోనో, పల్లపు బంతిలోనో, మొదటి పదింటిలోనో, అలసిన చివరి పదింటిలోనో, ఆ పలక చెప్పును. మరునాడు దారమును ఒక చిన్న బాలిక ఎత్తునకు దింపి మరల ఇరువది బంతులు.